గంపకు అడుగు కోసిన రోజు

స్వప్నా, నా బిడ్డా,

నువ్వు జ్వరంతో పోయి ఈ రోజుకు ఏడాది. ఇంట్లో ఉండలేక పనికే వెళ్ళాను. నాచారంలో ఒక బడి మైదానం ఊడ్చే పని ఈ మధ్యే దొరికింది.

పొద్దున ఆటల సారు బాస్కెట్‌బాల్ ఎట్లా పుట్టిందో పిల్లలకు చెప్పాడు. మొదట్లో పండ్ల గంపలు గోడకు కొట్టి ఆడేవారట. బంతి పడ్డప్పుడల్లా నిచ్చెన ఎక్కి తీసేవారట.

"గంప అడుగు కోస్తే అయిపోతుండె గద సార్," అని ఒక పిల్ల నవ్వింది.

"గా తెలివి రానీకే ఏండ్లు పట్టింది," అన్నాడు సారు.

నా చీపురు ఆగిపోయింది. ఉప్పల్లో నేను కూరగాయలు అమ్మే గంపకు నువ్వు అడుగు కోసి గోడకు కట్టిన రోజు, ఈ ఆట గంపలతోనే పుట్టిందని నువ్వూ చెప్పావు. "అబద్ధాలు జెప్తవానే?" అని గల్లీలో అందరి ముందు కొట్టాను. తెల్లారి ఎప్పటిలాగే నాకు చాయ్ పెట్టిచ్చావు.

సారు నావైపు తిరిగి, "నీకు తెల్సా అమ్మా గీ ముచ్చట?" అని అడిగాడు.

"తెల్వదు సార్," అన్నాను.

తెలుసంటే ఎవరు చెప్పారని అడుగుతాడు. నీ పేరు చెప్తే, కొట్టిన సంగతీ చెప్పాలి. నువ్వు చెప్పింది నిజమేనని పదిమందిలో అనడానికి నాకు నోరు రాలేదు, బిడ్డా.