మామగారి తుపాకి, నాలుగు డబ్బాల రంగు

స్టోన్ హార్బర్, మిషిగన్
1986 సెప్టెంబరు 29

బావకి, ఆర్వో కంగస్ నమస్కారాలతో రాసేది.

ఇక్కడ నేనూ హిల్మా బాగానే ఉన్నాం. అక్కా నువ్వూ బాగున్నారనుకుంటాను.

సూటిగా విషయానికొస్తాను. నవంబరు పదిహేనున జింకల వేట మొదలవుతుంది. నాన్న పోయేముందు మనిద్దరినీ మంచం పక్కన నిలబెట్టి చెప్పిన మాట నువ్వు మర్చిపోయి ఉండవు. "తుపాకి కొడుకుది. వాడు వరసగా మూడేళ్ళు వట్టిచేతులతో ఇంటికొస్తే అల్లుడిది." నాకు రెండేళ్ళు అయిపోయాయి. ఇది మూడోది. చెక్క పిడి మీద నాన్న మేకుతో చెక్కుకున్న పొడి అక్షరాలు ఉన్నాయి. ఆ తుపాకి మీ ఇంటి గోడెక్కడం నేను చూడలేను. చూడను కూడా.

పోయినేడు తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. జింక నలభై గజాల్లో నిలబడింది. గొట్టం మీద ఎండ పడి తళుక్కుమంది. అది తలెత్తి చూసి వెళ్ళిపోయింది. అందుకని ఈసారి తుపాకికి అడవి రంగు వేద్దామని నిర్ణయించుకున్నాను. సైనికుల బట్టల మీద ఉంటుందే, ఆ మచ్చల రంగు. కొట్లో నాలుగు స్ప్రే డబ్బాలు కొన్నాను. ముప్పై ఏళ్ళు తపాలా సంచి మోసినవాణ్ణి, రంగుల పని నాకు రాదు. నువ్వు నీ తుపాకికి ఇంట్లోనే వేసుకున్నావు కదా. ఎలాగో రాయి.

నీ బావమరిది
ఆర్వో

తా.క.: చట్టప్రకారం మనం నారింజ రంగు చొక్కా, టోపీ వేసుకోవాలి కదా. "నువ్వు గుమ్మడికాయలా వెలిగిపోతూ తుపాకిని దాచుకుంటావా?" అంది హిల్మా. జింక కంటికి నారింజ రంగు సరిగా ఆనదని చెప్పాను. "నాకు ఆనుతుంది" అంది.


ఆల్డర్ క్రీక్, మిషిగన్
అక్టోబరు 3

చిరంజీవి ఆర్వోకి, ఎడ్విన్ బావ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మేం క్షేమం. నీ బుర్ర సంగతే తెలియడం లేదు.

జింక చూసింది తుపాకిని కాదు. నువ్వు మాంసం కూరిన పాస్టీ పొట్లం తినడానికి విప్పుతుంటే కాగితం చప్పుడు విన్నది. ఆ రోజు నీ వెనక చెట్టుకింద నేనున్నాను, నేనూ విన్నాను.

పదకొండేళ్ళుగా నేను ఏటా ఒక మగజింకని తెస్తున్నాను. అది రంగు మహిమ కాదు. నా తుపాకి రంగు తుప్పు పట్టకుండా వేసింది. అసలు సంగతి వాసన. వేట బట్టలు సెప్టెంబరులోనే ఉతికి రేకు పెట్టెలో పెడతాను. నేను కూర్చునే చోటి ఆకులు మడతల మధ్య వేసి మూత బిగిస్తాను. నవంబరు పద్నాలుగు దాకా ఆ మూత ఎవరూ తియ్యకూడదు. ఇంకోటి, మొదటి రోజు నేను గడప దాటను. ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు కనబడ్డ పొదనల్లా కాలుస్తారు. మూడో రోజుకి వాళ్ళంతా తాగిన తలనొప్పితో గుడిసెల్లో పడుకుంటారు. అప్పుడు వెళ్తాను. ఎక్కడికో మాత్రం అడక్కు. మీ అక్కకే చెప్పలేదు.

మామగారి తుపాకి డిసెంబరులో నా ఇంటికి వస్తుంది. దాన్ని అలాగే ఉంచు. డబ్బాలు కొట్టువాడికి తిరిగిచ్చెయ్.

బావ
ఎడ్విన్ హాకాలా

తా.క.: గోడకి మేకు కొట్టించాను.


స్టోన్ హార్బర్
అక్టోబరు 8

బావకి నమస్కారాలు.

ఇక్కడ అందరూ క్షేమం, దుప్పట్లు తప్ప.

నువ్వంతగా వద్దంటున్నావంటే రంగులో ఏదో ఉందన్నమాటే. నాకు పట్టుదల ఇంకాస్త పెరిగింది. నీ ఉత్తరం వచ్చేసరికే మొదలుపెట్టేశాను. పెరట్లో బట్టల తీగకి వేలాడదీసి, ముందు గోధుమరంగు, తర్వాత ఆకుపచ్చ, ఆపైన నలుపు కొట్టాను. గాలి ఎటువైపు వీస్తోందో చూసుకోలేదు. తీగకి ఆ చివర హిల్మా దుప్పట్లు ఆరుతున్నాయి.

ఫలితం మాత్రం అద్భుతం. ఆరాక తీసుకెళ్ళి కంచె పక్క పొదకి ఆనించాను. కాఫీ తాగి వచ్చేసరికి కనబడలేదు. రెండు రోజులనుంచి వెతుకుతున్నాను. పనితనం అంటే ఇదీ.

నీ
ఆర్వో

తా.క.: హిల్మా ఆ దుప్పట్లే పరిచింది. "ఇకనుంచి మనం ఏ జింకకీ కనబడకుండా పడుకోవచ్చు" అంది. నవ్వుతూ అనలేదు.


ఆల్డర్ క్రీక్
అక్టోబరు 12

ఆర్వో,

క్షేమ సమాచారాలు తర్వాత. నీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాను. మీ అక్క మంచినీళ్ళు తెచ్చింది.

యాభై ఏళ్ళ తుపాకికి, నూనె పట్టించిన వాల్‌నట్ చెక్కకి, ఏమీ కప్పకుండా రంగు కొట్టి పొదలో పారేశావా? రాత్రి మంచు కురిస్తే ఏమవుతుందో తెలుసా? మామగారు దాన్ని మీ అమ్మకంటే జాగ్రత్తగా చూసుకున్నాడు. మీ అమ్మే అనేది.

దాన్ని వెతుకు. మోకాళ్ళ మీద పాకుతూ వెతుకు. దొరికాక ఆ రంగు మొత్తం తీసి, మళ్ళీ నేను చెప్పినట్టు చెయ్. నువ్వు ఎలాగూ మానవు. పాడుచేస్తే డిసెంబరులో బాధపడేది నేను. కాబట్టి చదువు.

తూటాలు లేవని మూడుసార్లు చూసుకో. నూనె జిడ్డంతా స్పిరిట్‌తో తుడువు. గొట్టం మూతికి, గురి చూసే చోట, మీట దగ్గర టేపు అంటించు. చెక్కకి పల్చగా మైనం రుద్దు. అప్పుడు రంగు గట్టిగా పట్టదు, నేను గుడ్డపెట్టి తుడిస్తే వచ్చేస్తుంది. ముందు లేత మట్టిరంగు కొట్టి పూర్తిగా ఆరనివ్వు. తర్వాత నిజం ఆకుల్ని తుపాకికి ఆనించి, అడుగు దూరంనుంచి ముదురు రంగు చిమ్ము. ఆకు తీస్తే ఆకారం మిగులుతుంది. అన్నీ తళుకు లేని రంగులే వాడు.

మీ పెరట్లో గడ్డి తప్ప ఏమీ ఉండదని తెలుసు. మా పెరట్లోవి నాలుగు కోసి పంపమని మీ అక్క లెంపికి చెప్పాను. ఇక్కడ మూడు వారాలుగా వాన చుక్క లేదు, ఆకులు కాస్త పెళుసుగా ఉంటాయి. జాగ్రత్తగా వాడు.

ఎడ్విన్

తా.క.: తుపాకి దొరికిన వెంటనే తంతి ఇవ్వు. దొరక్కపోతే ఇవ్వకు.


స్టోన్ హార్బర్
అక్టోబరు 17

బావకి నమస్కారాలు. అక్కకి మరీ మరీ.

తుపాకి బీరువాలో ఉంది. అది ఎప్పుడూ బీరువాలోనే ఉంది. నేను రంగు వేసింది హిల్మా మంచు ఎత్తే పారకి. ముందు వేరే దానిమీద చెయ్యి తిప్పి చూసుకోవాలని ఆ మాత్రం తెలీదా నాకు? రాశాననే అనుకున్నాను. పార కూడా నిన్న దొరికింది. హిల్మా కాలికి తగిలింది. కాలు ఫరవాలేదు. పారకి పిడి విరిగింది.

అక్క పంపిన ఆకులు చేరాయి. నువ్వు రాసినట్టు పెళుసుగా ఏమీ లేవు. ఇస్త్రీ చేసినట్టు చదునుగా, మెత్తగా ఉన్నాయి. నీ సలహాలు కాగితం మీద ఎక్కించి గోడకి అంటించాను. మైనం కూడా రుద్దుతాను, నీ కోసం కాదు, నాన్న కోసం.

ఒకటే చిక్కు. బయట చలి, రంగు ఆరడం లేదు. వెచ్చటి గది కావాలి. ఇంట్లో వద్దంది హిల్మా. అందుకని మన ఆవిరిగదిలో, అదే సౌనాలో వేద్దామనుకుంటున్నాను.

నీ
ఆర్వో

తా.క.: "రంగు డబ్బాతో ఈ ఇంట్లో అడుగుపెడితే తర్వాత ఎప్పుడు అడుగుపెట్టాలో నేను చెప్తాను" ఇవి అచ్చంగా హిల్మా అన్న మాటలు.


ఆల్డర్ క్రీక్
అక్టోబరు 20

చిరంజీవి ఆర్వోకి ఆశీస్సులు.

తుపాకి బతికే ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. పోయిన ఆదివారం చర్చిలో కూడా దానికోసం పేరు చెప్పకుండా ప్రార్థించాను. పాస్టరు మీ అక్కకి ఒంట్లో బాగాలేదేమో అనుకుని పరామర్శకి వచ్చాడు.

సౌనాలో వెయ్యి, కానీ పొయ్యి వెలుగుతుండగా వద్దు. ఆ డబ్బాలో గాలి నిప్పు తగిలితే అంటుకుంటుంది. ముందురోజు పొయ్యి రాజెయ్. పొద్దున నిప్పంతా చల్లారాక, పొయ్యి మీది రాళ్ళ వేడి చాలు. తలుపు బార్లా తెరిచి చెయ్. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

బావ
ఎడ్విన్

తా.క.: మేకు కాస్త వంగింది. పెద్దది కొట్టించాను.


స్టోన్ హార్బర్
నవంబరు 6

బావకి నమస్కారాలు.

అంతా క్షేమం. పక్కింటి ఊర్హో నీల్సన్ కూడా క్షేమమే, కొంచెం అలిగాడు.

నువ్వు చెప్పినట్టే చేశాను. నిప్పు ఆర్పాను, తలుపు తెరిచాను, టేపు అంటించాను. హిల్మా బట్టలుతికే వలసంచి చుట్టి ఒకపూత, ఆకులు ఆనించి రెండు పూతలు. చెయ్యి వణక్కుండా ఊపిరి బిగబట్టి ఒక్కో ఆకూ తీశాను. తీసేకొద్దీ అడవి బయటికొచ్చింది. ఇప్పుడు దాన్ని వంటింటి బల్లమీద పెట్టుకుని రోజూ సాయంత్రం చూస్తున్నాను. ఎంతసేపు చూసినా తనివి తీరడం లేదు. "నన్ను పెళ్ళిచూపుల్లో కూడా ఇంతసేపు చూడలేదు" అంటోంది హిల్మా.

ఈ ఏడు వట్టిచేతులతో రాను బావా. రాసిపెట్టుకో.

నీ
ఆర్వో

తా.క.: సౌనాలో కూర్చునే బల్లమీద కూడా కొంత రంగు పడింది. పూర్తిగా ఆరిందనుకున్నాను. శనివారం ఊర్హో స్నానానికొచ్చి దానిమీదే కూర్చున్నాడు. లేచేసరికి వెనకాల ఒక ఫెర్న్ ఆకు, రెండు దేవదారు రెమ్మలు. వాళ్ళావిడ చెప్పేదాకా అతనికి తెలీదు. డాక్టరుకి చూపించడానికి వెళ్తే, డాక్టరు వేటగాడట. ఆ రంగు ఎక్కడ దొరుకుతుందని అడిగాడట.


ఆల్డర్ క్రీక్
నవంబరు 10

చిరంజీవి ఆర్వోకి ఆశీస్సులు.

నీ పట్టుదల మెచ్చుకోవలసిందే. మీ నాన్న పోలిక. అయినా ఒక మాట. జింకలున్న చోట కూర్చుంటే పెద్ద బ్యాండు మేళం వాయించినా దొరుకుతాయి. లేని చోట కూర్చుంటే నువ్వే చెట్టుగా మారినా దొరకవు. ఆ చోటు నీకు తెలీదు. నాకు తెలుసు. అంతే తేడా.

డిసెంబరు మొదటి ఆదివారం మీరిద్దరూ భోజనానికి రండి. తుపాకి తీసుకురా. రంగు తీసే నూనె నేనే కొనిపెడతాను.

బావ
ఎడ్విన్

తా.క.: లెంపి ఈ మధ్య వంట చేస్తూ పాడుకుంటోంది. కారణం అడిగితే "ఏం లేదు" అంటోంది. ఆడవాళ్ళకి చలికాలం పడుతుందనుకుంటాను.


స్టోన్ హార్బర్
నవంబరు 15, సాయంత్రం

బావకి, ఆర్వో కంగస్ సాష్టాంగ నమస్కారం.

ఈ ఉత్తరం ఇవాళే డబ్బాలో వేస్తున్నాను. రేపు ఆదివారం. సోమవారం బయలుదేరి మంగళవారం మధ్యాహ్నం మీ ఇంటికి చేరుతుంది. ముప్పై ఏళ్ళు ఆ సంచి మోసినవాణ్ణి, అంచనా తప్పదు. సోమవారం మూడో రోజు. నువ్వు నీ చోటికి వెళ్ళి, పొద్దంతా చలిలో కూర్చుని, వట్టిచేతులతో తిరిగొచ్చి ఉంటావు. మంగళవారం పొయ్యి దగ్గర కాళ్ళు కాచుకుంటుండగా అక్క ఈ కవరు నీ చేతికిస్తుంది.

ఇవాళ పొద్దున ఏడు నలభైకి మగజింక దొరికింది. ఎనిమిది మొనల కొమ్ములు. ముప్పై గజాల్లో నిలబడి ఆపిల్ పళ్ళు తింటోంది. ఒక్కసారి కూడా తలెత్తలేదు. అంటే తుపాకిని చూడనే లేదు. రంగు వెయ్యకపోయినా చూసేది కాదు. అది ఒప్పుకుంటున్నాను.

కానీ రంగు వెయ్యకపోతే నేను అక్కడ ఉండేవాణ్ణి కాదు.

చెప్తాను. రోజూ సాయంత్రం తుపాకిని చూస్తున్నానని రాశాను కదా. మీ పెరట్లో ఫెర్న్ ఉంది, దేవదారు ఉంది, ఒప్పుకుంటాను. పిడి మీద ఆపిల్ ఆకు పడింది. సరే, ఏదో అనుకున్నాను. దాని పక్కనే గుండె ఆకారంలో ఒక ఆకు పడింది. లైలాక్ పూలచెట్టుది. ఎవరో ఇల్లు కట్టి గుమ్మం పక్కన నాటితే తప్ప మన అడవుల్లో లైలాక్ ఉండదు. మీ ఇంట్లో లేదు. మీ వీధిలోనే లేదు. దేవదారు బురదనేల అంచున, ఆపిల్ చెట్లు, గుమ్మంలో లైలాక్, ఈ మూడూ కలిసి ఉన్న ఇల్లు నా పాత తపాలా దారి మొత్తంలో ఒక్కటే. సారి అనే ఇంటిపేరున్న ముసలి దంపతుల ఇల్లు. వాళ్ళు పోయి ఇరవై ఏళ్ళయింది, ఇల్లు కూలిపోయింది, ఇప్పుడది సర్కారు అడవి. ఉత్తరాల డబ్బా స్తంభం మాత్రం ఇంకా ఉంది. దానికే ఆనుకుని కూర్చున్నాను. అక్కడే నీ సిగరెట్టు పీకలు కూడా ఉన్నాయి, పదకొండేళ్ళవి.

ఇవి మీ పెరటి ఆకులు కావు. నీ రేకు పెట్టెలోవి. నీ బట్టల మడతల్లో అణిగినవి కాబట్టే ఇస్త్రీ చేసినట్టున్నాయి.

మైనం విషయంలో నీకు రుణపడ్డాను. ఇంటికి రాగానే గుడ్డతో తుడిచాను, రంగంతా వచ్చేసింది. నాన్న అక్షరాలు ఎప్పటిలాగే ఉన్నాయి. వాటి పక్కన ఉన్న లైలాక్ ఆకుని మాత్రం తుడవలేదు. అది అలాగే ఉంటుంది.

ఇట్లు
తుపాకి గల నీ బావమరిది
ఆర్వో

తా.క.: అక్కని ఏమీ అనకు. పొరపాటే అనుకుంటాను. ఆకుల పొట్లంలో ఆమె చీటీ ఉంది: "ఇక్కడ ఒకటే వాన తమ్ముడూ, పెరట్లోకి దిగలేక పెట్టెలో ఉన్నవి తీసి పంపుతున్నాను. మూత మళ్ళీ బిగించేశాను. పదకొండు చలికాలాలుగా జింక మాంసమే వండుతున్నాను. ఈ ఒక్క ఏడైనా కోడి వండుకోవాలని ఉంది." మూడు వారాలుగా వాన చుక్క లేదని అదే వారం నువ్వు రాశావు.

మీ ఇంటి మేకుకి క్యాలెండరు తగిలించుకో. డిసెంబరు మొదటి ఆదివారం భోజనానికి వస్తున్నాం. కోడి అని అక్క అప్పుడే ఫోన్ చేసి చెప్పింది.