ఒక్క స్టేషన్ దూరం

1 ఫిబ్రవరి 2025, శనివారం

ఈ కస్టడీ కేసులో మా అక్క సుమిత్ర పిటిషనర్. బావ జీవానందం రెస్పాండెంట్. నేను, నేతన్, బి.టెక్., డెలివరీ బాయ్‌ని. వాళ్లు విడిపోయినప్పటి నుంచి ప్రతి శనివారం సాయంత్రం నా ఏడేళ్ల మేనకోడలు ఒలీవియాను అమీర్‌పేటలో మెట్రో ఎక్కించి, పంజాగుట్టలో బావకు అప్పగిస్తాను. ఆదివారం చర్చి అయ్యాక వాపసు. ఒక్క స్టేషన్. సీటు దొరికేలోపే దిగాలి. ఆ ఒక్క స్టేషన్‌ను వాళ్లిద్దరూ దాటలేక నన్ను పెట్టుకున్నారు.

బావ ఎస్కలేటర్ కింద జామకాయతో నిలబడి ఉంటాడు. బండివాడు రెండు చెక్కలుగా కోసి ఇస్తాడు. ఉప్పూకారం చల్లిన సగం బావది. కారం లేని సగం ఒలీవియాది. నాకు ఏ సగమూ లేదు. నేను థర్డ్ పార్టీని.

4 ఫిబ్రవరి

అక్క పనిచేసే బేగంపేట హోటల్‌వాళ్లు ఆమెకు ప్రమోషన్ ఇచ్చారు, పుణెలో. పాపను తీసుకెళ్లాలంటే కోర్టు అనుమతి కావాలి. బావ ఒప్పుకోనని కౌంటర్ వేశాడు. ఇరవయ్యో తేదీన జడ్జిగారు పాపతో ఒంటరిగా మాట్లాడతారట. ఇది చెబుతూ చెబుతూ అక్క అన్నం ప్లేటు ముందే కునికింది.

8 ఫిబ్రవరి, శనివారం

మీ అక్క ప్రమోషన్‌కు నేనేం అడ్డం రాను భాయ్, గని నా బిడ్డ పుణె పోతే శనివారాలు నేనేం జెయ్యాలె చెప్పు అన్నాడు బావ. నా దగ్గర ఒక జోక్ రెడీగా ఉంది. వాడలేదు. రికార్డు కోసం రాస్తున్నాను.

12 ఫిబ్రవరి

కోచింగ్ లేని పరీక్ష ఒకటి ఉందంటే అమీర్‌పేటలో ఎవరూ నమ్మరు. నేనే డిగ్రీ తర్వాత మూడో కోర్సులో ఉన్నాను. కాబట్టి నేనే జడ్జినై ఒలీవియాకు మాక్ ఇంటర్వ్యూ పెట్టాను. జవాబు: నాకు అమ్మతో పుణెలో ఉండటం ఇష్టం. సండే స్కూల్లో బైబిల్ వాక్యం కంఠతా పట్టించే పద్ధతే. చేతులు కట్టుకో, తల ఎత్తు, చివర రిఫరెన్స్ చెప్పు. రిఫరెన్స్ ఏంటి మామయ్యా అంది. అమ్మ ఒకటో అధ్యాయం, ఒకటో వచనం అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. తప్పు లేకుండా అప్పజెప్పింది. చాక్లెట్ ఇచ్చాను.

మా లాయరు ఛాయాదేవి గారికి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. ఏంటి బాబూ, కేసు గెలిపిస్తారా, ముంచుతారా అని పెట్టేశారు.

20 ఫిబ్రవరి

మునిగింది. ఎవరి పడవో ఇంకా తెలియదు.

పొద్దుటి నుంచి ఫ్యామిలీ కోర్టు బెంచీ మీద కూర్చుంటే లంచ్ తర్వాత పిలిచారు. పాప నవ్వుతూ వెళ్లి నవ్వుతూ వచ్చింది. ఆ తర్వాత అక్కనూ బావనూ పిలిచి జడ్జిగారే చెప్పారట లోపల ఏం జరిగిందో. అక్క బయటికొచ్చి నాకు చెప్పింది.

ఒలీవియా చేతులు కట్టుకుని నా వాక్యం అప్పజెప్పింది. రిఫరెన్స్‌తో సహా. అయ్యాక, ఇప్పుడు నాన్నది చెప్తాను మేడమ్ అని, నాకు నాన్నతో హైదరాబాద్‌లోనే ఉండాలని ఉంది అని ఎత్తుకుంది. బావ కృష్ణానగర్‌లో డబ్బింగ్ సౌండ్ ఇంజనీర్. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా నేర్పి, టేకుల మీద టేకులు చేయించాడట. ఆయనా మా చర్చివాడే. ఆయన వాక్యానికీ రిఫరెన్స్ ఉంది. రెండూ ముగించి చాక్లెట్ ఎవరిస్తారని అడిగింది. జడ్జిగారు తెప్పించి ఇచ్చారు. ఇచ్చి, మరి నీది చెప్పమ్మా అన్నారు.

నాది ఎవరూ నేర్పలేదు అందట.

కోర్టు మెట్ల మీద ముగ్గురు పెద్దవాళ్లం ఎవరి చెప్పులు వాళ్లు చూసుకుంటూ నిలబడ్డాం. నేను ఫస్టా మామయ్యా అని ఒలీవియా నా చెయ్యి లాగుతూనే ఉంది.

21 ఫిబ్రవరి

ఇవాళ జోకులు లేవు.

27 మార్చి

ఆర్డర్ వచ్చింది. పాప అప్పజెప్పినవి రెండూ పక్కన పెట్టేశారు. బావవి నైట్ షిఫ్టులు, ఇంట్లో చూసేవాళ్లు లేరు. అందుకని పరీక్షలయ్యాక పుణె. సెలవుల్లో సగం బావ దగ్గర, రోజూ వీడియో కాల్.

గెలిచిన పార్టీ వంటింట్లో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ఓడిన పార్టీ నాకు ఫోన్ చేసి, పుణెల ఎండ మస్తుంటదా, బిడ్డకు జర టోపీ కొను అన్నాడు.

25 ఏప్రిల్

రైల్వే స్టేషన్‌కు బావ వచ్చాడు. అక్క బ్యాగు అందుకున్నాడు. అక్క వద్దనలేదు. రైలు కదిలాక, ఆ కిటికీ ఎప్పుడో వెళ్లిపోయినా మేమిద్దరం చేతులు ఊపుతూనే ఉన్నాం.

3 మే, శనివారం

అలవాటుగా మెట్రో ఎక్కాను. సీటు ఖాళీగా ఉంది. కూర్చోలేదు.

పంజాగుట్టలో బావ ఎస్కలేటర్ కిందే ఉన్నాడు. ఎందుకొచ్చావని ఇద్దరమూ అడగలేదు. కారం లేని సగం నా చేతిలో పెట్టాడు.