ఒంటి సీటు బండి

అమ్మకు నమస్కారాలు.

నా కోపం ఒక్కటి పక్కన పెడితే ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ, చెల్లీ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు రాసేస్తాను, లేకపోతే కోపంలో మరిచిపోతాను. మీ అల్లుడి దగ్గు తగ్గింది. కొట్టు పైకప్పు కారడం ఆగింది. కొత్త కుట్టుమిషను బాగానే కుడుతోంది గానీ, చప్పుడు పాతదానికన్నా ఎక్కువ, వీధి చివరిదాకా వినిపిస్తోంది.

ఇక చివర్న ఒక ముక్క రాశావు చూడు, "మ్యూజియంలో మన ట్రాక్టరు బోర్డు మీద నాన్న గురించి రాస్తున్నారటగా, అంతకన్నా ఏం కావాలి, అక్కడికి వెళ్ళి గొడవ చెయ్యకు" అని. గొడవ చేసే వచ్చానమ్మా. ఫోన్‌లో చెబితే "సరేలే, ఉంటాను" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదువు.

మనం అమ్మేశాక ఆ బండి ఎన్ని చేతులు మారిందో ఏమో, ఎవరి షెడ్డులోనో తుప్పు పట్టి పడి ఉంటే మ్యూజియం వాళ్ళు తెచ్చుకుని బాగుచేశారు. చూడగానే నాకు ఏడుపొచ్చింది. ఎర్ర రంగు వేసి మిలమిలలాడించారు. ముందు ఆ రెండు చిన్న చక్రాలూ ఒకదాన్నొకటి ఆనుకుని అలాగే ఉన్నాయి. మొక్కల వరసల మధ్య సందులోంచి పోవడానికే అలా తయారు చేశారనీ, వరసల్లో కలుపు తీయడానికీ, మొదళ్ళకి మట్టి ఎగదోయడానికీ ఇలాంటి బండ్లు వాడేవారనీ పక్కనే ఒక కాగితం అంటించారు. అది బాగుంది. దాని కింద రెండో కాగితం చదివాక ఒళ్ళు మండిపోయింది.

"ఈ ట్రాక్టరును దీని యజమాని చాలా ఏళ్ళు స్వయంగా నడిపారు. ఆయన భార్య పక్కన కూర్చునేవారు." ఇదే ముక్క ఇత్తడి రేకు మీద చెక్కించి బండికి బిగిస్తారట. ఒకసారి బిగించాక ఇంకెవరు మారుస్తారు? ఇక లోకం ఉన్నన్నాళ్ళూ నువ్వు పక్కన కూర్చున్నట్టే.

పక్కన కూర్చున్నావట! ఎక్కడమ్మా? ఆ బండికి ఉన్నదే ఒక్క సీటు. ఇనపది, ఒక్క మనిషికి సరిపోయేది. దానికి అటూ ఇటూ నీ ఎత్తు చక్రాలు తిరుగుతుంటాయి. చక్రం మీద కూర్చున్నావా? స్టీరింగు మీద కూర్చున్నావా? రాసే ముందు మనిషన్నవాడు ఒక్కసారి బండి వైపు చూడొద్దూ?

బండి చరిత్ర రాసేది ఒక కళ్ళజోడాయన. నెమ్మదస్తుడు, ఎంత అరిచినా కోపం రాదు. అందుకే నాకు ఇంకా మండింది.

"ఈ మాట మీకెవరు చెప్పారండీ?" అన్నాను.

"మీ అమ్మగారే."

"మా అమ్మా?"

"ఫోన్ చేసి అడిగానండీ. 'నేనేం నడిపాను నాయనా, నేను ఊరికే కూర్చునేదాన్ని, అంతా ఆయనే దగ్గరుండి చూసుకునేవారు' అన్నారు. ఆవిడ చెప్పిందే రాశాను."

అది అచ్చంగా నీ మాటే. "కోడలు బండి నడుపుతోందంటే నేను తలెక్కడ పెట్టుకోను?" అని తాతయ్య గొడవ చేస్తే, "నడపడం లేదు నాన్నా, ఊరికే కూర్చుంటోంది" అని నాన్న సర్దిచెప్పాడని నువ్వే నవ్వుతూ చెప్పావు కదా. అప్పట్నుంచీ మనింట్లో అదే మాటైపోయింది. అమ్మేదని ఎవరైనా అడిగితే "కూర్చోడానికి వెళ్ళింది" అనేవాళ్ళం. "పొద్దుట్నుంచీ కూర్చుని కూర్చుని నా చేతులు పడిపోయాయే" అనేదానివి నువ్వు. కూర్చుంటే చేతులు పడిపోతాయా ఎక్కడైనా? అందులో సంగతి మనకి తెలుసు, కళ్ళజోడాయనకేం తెలుసు? తాతయ్య పోయి ఎంత కాలమైంది! ఇంకా ఎవరికి భయపడి ఊరికే కూర్చుంటున్నావమ్మా?

నేనూ వదల్లేదు. అప్పట్లో బండి బాగుచేసిన మెకానిక్కు మామయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. "మీ అమ్మ బండేనా? మీ నాన్న ఒక్కసారి ఎక్కాడమ్మాయ్, ఒక వరస మొక్కజొన్న మొత్తం పడుకుంది. ఆ తర్వాత గట్టు మీంచి కిందికి దిగితే ఒట్టు" అని పడీ పడీ నవ్వాడు. ఆ మాట తీసుకెళ్ళి కళ్ళజోడాయనకి చెప్పాను. క్లచ్ పెడలుకి నాన్న బిగించిన చెక్క దిమ్మ కూడా చూపించాను. కంపెనీది కాదు కాబట్టి పీకేస్తారట దాన్ని!

"చెయ్యి వేశారంటే ఊరుకోను. మా నాన్న పంట్లాలన్నీ కుట్టింది నేను. ఆ పొడుగు కాళ్ళకి ఈ దిమ్మ కూడా ఉంటే మోకాలు వెళ్ళి గడ్డానికి తగులుతుంది. ఇది మా అమ్మ కాలు అందడానికి పెట్టింది" అన్నాను.

ఆయన నవ్వి, దిమ్మ ఉంచుతానన్నాడు. "కానీ ఆవిడే కాదన్నాక నడిపారని నేనెలా రాయనండీ? ఆవిడ నోటితో ఒక్క మాట చెప్పించండి, మార్చేస్తాను" అన్నాడు. న్యాయంగానే మాట్లాడాడు, పాడు మనిషి.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపూ దాచాను, తిట్టకు. నిన్నడిగితే ఒప్పుకోవని నీ గొంతు పెట్టి నేనే ఆయనకి ఫోన్ చేశాను. "నాయనా, ఆ రోజు సరిగా చెప్పలేదు, నడిపింది నేనే" అన్నాను, మధ్యలో నీలాగే ఒకసారి నిట్టూర్చాను కూడా. బాగానే నమ్మాడనుకున్నాను. అప్పుడు అడిగాడు, "వరస చివరికి వెళ్ళాక అంత ఇరుకులో బండిని పక్క వరసలోకి ఎలా తిప్పేవారమ్మా?" అని. "ఎలా ఏముంది నాయనా, స్టీరింగు తిప్పేదాన్ని" అన్నాను.

ఆయన నెమ్మదిగా, "మీ చెల్లెలి ఇంట్లో కూడా కుట్టుమిషను ఉందా టైలరమ్మగారూ? చప్పుడు వినిపిస్తోంది" అన్నాడు. మిషను ఆపమని కొట్లో పనిచేసే అమ్మాయికి చెప్పడం మరిచిపోయానమ్మా. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ ప్రశ్నకి జవాబు నాకు ఇప్పటికీ తెలియదు. వరస చివరికి రాగానే నువ్వు కాలితో ఏదో గట్టిగా తొక్కేదానివి, బండి ఉన్నచోటే గిర్రున తిరిగేది, నేను పక్కకి ఒరిగిపోతుంటే మోచేత్తో ఆపేదానివి. అంతే గుర్తు. ఏం తొక్కేదానివో నడిపిన మనిషికే తెలుస్తుంది.

రేకు చెక్కడానికి ఇచ్చే ముందు ఆయన నీకు మళ్ళీ ఫోన్ చేస్తాడు. అదే ప్రశ్న అడుగుతాడు. జవాబు చెప్పు. చెప్పి, "నడిపాను" అను. నాన్నని తీసెయ్యమనడం లేదు. దగ్గరుండి చూసుకున్నాడని రాయిద్దాం, అది నిజమే కదా. ఈసారి కూడా "ఊరికే కూర్చున్నా" అన్నావంటే మాత్రం నీకూ నాకూ మాటల్లేవు. ఆ బండి మీద ఊరికే కూర్చున్న మనిషి ఒక్కతే ఉంది. ఆ మాట చెప్పుకోవాల్సింది నువ్వు కాదు.

ఇట్లు,
నువ్వు నడుపుతుంటే నీ ఒళ్ళో ఊరికే కూర్చున్న
నీ పెద్దకూతురు