ఆరు వేళ్ల కీబోర్డు

బ్రాడీపేట, గుంటూరు
ఆదివారం

అన్నయ్యకు నాగమణి నమస్కారాలు.

ఇక్కడ నేను బాగున్నాను. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. ఈ మాట కింద ఇంకోసారి కూడా రాస్తాను, ఒక్కసారి చెబితే నువ్వు నమ్మవు కాబట్టి. అక్కడ నువ్వు, వదిన, నాన్న ఎలా ఉన్నారు? నాన్న మోకాలి నొప్పి నిజంగా తగ్గిందా, తగ్గిందని వదిన చేత చెప్పిస్తున్నాడా? నిజం రాయి.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోన్‌లో నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వవు. మొన్న కూడా అంతే. "ఇంక చాల్లేవే మణీ. వచ్చే ఆదివారం వస్తన్నా. తిరుగు టికెట్లు రెండు తీసుకుంటా. సామాను సర్దుకో" అని పెట్టేశావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేయలేవు కదా. మొత్తం చదువు, తర్వాత కోప్పడు.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఈ ఉత్తరంలో ప్రతి అక్షరం నేనే టైపు చేశాను. ఎవరి చేతా కొట్టించలేదు. కుడి చేతికి నాలుగు వేళ్లు లేని పిల్ల రెండు పేజీలు ఎలా కొట్టిందా అని నువ్వు అనుమానపడతావని తెలుసు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఊరి సంగతి రెండు ముక్కల్లో. ఎండలు చీరాలకంటే ఎక్కువ, సముద్రపు గాలి అసలు లేదు. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే ఆ ఘాటుకు హాస్టల్ మొత్తం తుమ్ముతుంది. సాంబారు నీళ్లలా ఉంటుంది కానీ వదిన ఇచ్చిన గోంగూర పచ్చడి ఇంకా అడుగున కొంచెం ఉంది. మొదటి రెండు వారాలు మగ్గం చప్పుడు వినపడక నిద్ర పట్టలేదు. ఒంటరిగా అనిపించింది, ఏడ్చాను కూడా. దాచడం ఎందుకు? ఇప్పుడు పడుతోంది.

సుబ్బారావు గారి డీటీపీ సెంటర్‌లో నన్ను ప్రూఫులు దిద్దడానికి పెట్టుకున్నారని నీకు చెప్పాను. దానికి నువ్వు "జాలిపడి ఇచ్చిన పని" అన్నావు. నిజమే, జాలితోనే ఇచ్చారు. ఆయన నా చెయ్యి చూసి ముఖం పక్కకు తిప్పుకుని, "సరేలేమ్మా, తప్పులు వెతికి పెట్టు" అన్నారు. అది నాకు కడుపులో మంటగానే ఉంది. రెండు చేతులూ ఉన్నప్పుడు మన ఊరి ఇన్‌స్టిట్యూట్‌లో నా అంత వేగంగా కొట్టినవాళ్లు లేరు. అలాంటిది నేను పక్కన కూర్చుని ఇంకొకరు కొట్టిన తప్పులకు సున్నాలు చుట్టడం!

నేను నేర్చుకున్న తెలుగు కీబోర్డులో గుణింతాలన్నీ ఎడమ చేతి కింద ఉంటాయి. హల్లులు చాలావరకు కుడి చేతి కింద ఉంటాయి. కుడి చెయ్యి లేకపోతే క లేదు, ర లేదు, త లేదు. ఒక్క ఎడమ చెయ్యే అటూ ఇటూ పరుగెత్తితే ఒక పేరాకే మణికట్టు వాచిపోయింది. ఆ వాపు చూసి హాస్టల్ పిల్లలు మందు రాశారు. నేను మాత్రం కీబోర్డుదే తప్పు అనుకున్నాను. చెయ్యి మారదు కాబట్టి అదే మారాలి.

మా సెంటర్ కింద కరీముల్లా గారని కంప్యూటర్లు బాగుచేసే పెద్దాయన ఉన్నారు. మధ్యాహ్నం ఎండకు షాపులు సగం మూసేసే వేళ ఆయన దగ్గరికి వెళ్లి అడిగాను, నా చేతికి సరిపడే కీబోర్డు దొరుకుతుందా అని. ఆయన నా చెయ్యి చూసి ముఖం తిప్పుకోలేదు. పట్టుకుని, బొటనవేలు వంచి చూసి, "ఇది బాగానే పని చేస్తందిగా. దీనికి గూడా ఒక పని చెబుదాం. కొనేది లేదమ్మా, కట్టుకోవాల" అన్నారు. పాడైన కీబోర్డు ఒకటి, చూపుడువేలంత బోర్డు ఒకటి నా ముందు పెట్టారు.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. మీటల వెనక అడ్డంగా కొన్ని తీగలు, నిలువుగా కొన్ని తీగలు కలపాలి. అచ్చం పడుగూ పేకా. ఏ అడ్డం తీగ ఏ నిలువు తీగను తాకిందో చూసి, ఏ మీట నొక్కామో ఆ బోర్డు కనిపెడుతుంది. ఆ మీటకు ఏ అక్షరం రావాలో బోర్డులోకి మనం ఎక్కించే ఫైలు చెబుతుంది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. జకార్డు మగ్గం మీద చిల్లుల అట్టలు మారిస్తే అదే పడుగు మీద వేరే బుటా పడుతుంది కదా, ఇదీ అంతే. బోర్డు మీదున్న బుల్లి బటన్ నొక్కిపట్టి కంప్యూటర్‌కు తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. ఫైలు అందులో వేయగానే ఆ పెన్‌డ్రైవ్ మాయమై, బోర్డు కొత్త కీబోర్డుగా లేస్తుంది.

చెప్పినంత తేలిక కాలేదు. రెండు రోజులు బోర్డు కనిపించనేలేదు. కాలిపోయిందనుకుని ఏడుపొక్కటే తక్కువ. తీరా చూస్తే నేను తగిలించింది నా ఫోన్ ఛార్జింగ్ వైరు. అందులో కరెంటు వెళుతుంది కానీ ఫైలు వెళ్లదట! వైరు మార్చాక ఫైల్లో ఒక కామా లేదని కంప్యూటర్ అరపేజీ తిట్టింది. టంకం పెట్టేటప్పుడు తీగలు కదలకుండా బట్టల క్లిప్పులతో పట్టించాను. తెగిన పోగులు అతికి పెరిగినదాన్ని, ఆ పనికి భయపడతానా? చివరికి ఫైలు ఎక్కింది. చిన్న లైటు వెలిగింది. ఎడమ చేత్తో మొదటి మీట నొక్కాను. గుడి రావాల్సిన చోట ర వచ్చింది. పొల్లు రావాల్సిన చోట క వచ్చింది. కుడివైపు ఉండాల్సినవన్నీ ఎడమవైపు వచ్చి కూర్చున్నాయి.

కరీముల్లా గారు కీబోర్డు తిరగేసి చూసి పెద్దగా నవ్వారు. "ఏందమ్మా ఇది, వెనక నించి లెక్కబెట్టుకుంటా కట్టావా?"

అవును, అలాగే కట్టాను. నాన్న బుటా చీర నేసేటప్పుడు మంచి ముఖం కిందికి, వెనక ముఖం మనవైపు ఉంటుంది కదా. చిన్నప్పటి నుంచీ వెనకవైపు చూస్తూ లెక్కపెట్టడమే నాకు తెలుసు. కీబోర్డును కూడా బోర్లా పెట్టి, నా ఎడమ నుంచే మొదటి తీగ, రెండో తీగ అని లెక్కపెట్టాను. నేతగాళ్ల పిల్ల తప్ప ఇంకెవరూ ఇంత శ్రద్ధగా ఈ తప్పు చేయరు.

"పర్లేదులే, ఫైల్లో వరస తిరగరాసి మళ్లీ ఎక్కిద్దాం" అని ఆయన కుర్చీ లాగారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. ఎందుకంటే నా ఎడమ చేతి కింద క ఉంది, ర ఉంది, త ఉంది. నా వేళ్లకు అవి తెలుసు కూడా. కుడి చూపుడువేలు కొట్టే అక్షరం ఎడమ చూపుడువేలి కిందికి, నడిమి వేలిది నడిమి వేలి కిందికి వచ్చింది.

"రెండు రకాలూ పెట్టొచ్చా? మామూలుగా ఉంటే మంచి ముఖం, ఈ బొటనవేలితో ఒక మీట నొక్కిపట్టినంతసేపు వెనక ముఖం?" అని అడిగాను.

ఆయన కుర్చీ నావైపు జరిపి, "పెట్టొచ్చు. ఎందుకు పెట్టకూడదు? రాయి" అన్నారు.

రాశాను. కుడి బొటనవేలి మీట నొక్కి వదిలితే మాటకూ మాటకూ మధ్య ఖాళీ, నొక్కిపట్టుకుంటే అక్షరాలన్నీ అటుది ఇటు. మొదట్లో నేను వదిలినా అది పట్టుకున్నాననుకుని అక్షరాలు తారుమారు చేసేది. ఎంతసేపు పడితే పట్టినట్టో ఆ లెక్క కొంచెం కొంచెంగా మారుస్తూ మళ్లీ మళ్లీ ఎక్కించాను. నా వేలికి అది లొంగేదాకా వదల్లేదు. తర్వాత మూడు వారాలు భోజనం వేళంతా సాధన చేశాను. తిన్న తర్వాతే, కంగారుపడకు.

శుక్రవారం మా ఆపరేటరు రాలేదు. ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల మెటీరియల్ మధ్యాహ్నానికి ఇవ్వాలి. సుబ్బారావు గారు తల పట్టుకుని కూర్చున్నారు. నేను కీబోర్డు తీసుకొచ్చి ముందు పెట్టాను.

"ఆ తీగల బొమ్మ నా సిస్టానికి పెడితే కాలిపోద్దమ్మా!"

"కాలితే పూచీ నాది. కూర్చోనివ్వండి."

ఆయన నా వెనకే నిలబడ్డారు. మొదటి పేజీ అయ్యేదాకా అక్కడే ఉన్నారు. రెండో పేజీకి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు. ఒంటిగంటకు మొత్తం ఇచ్చేశాను. తప్పులు వెతకడానికి ఎర్ర పెన్ను పట్టుకుని చివరిదాకా చదివి, పెన్ను మూత పెట్టేసి, "సోమవారం నించి ఆ రెండో సీట్లో కూర్చో" అన్నారు. జాలిగా అనలేదు అన్నయ్యా. పని పడినవాళ్లు అన్నట్టు అన్నారు. నాకు కావాల్సింది అదే.

ఇప్పుడు ఫోన్‌లో నువ్వు నన్ను అననివ్వని మాట. నా వేళ్లు పోయిన రోజు నేను నీకు మరమగ్గాల షెడ్డుకు అన్నం తెచ్చాను. "రెండు నిమిషాలు చూస్తా ఉండు, టీ తాగొస్తా" అని నువ్వు షెడ్డు బయటికి వెళ్లావు. పోగు తెగింది. నాన్న చేతిమగ్గం దగ్గర పెట్టినట్టే చెయ్యి పెట్టాను. చేతిమగ్గం మనం ఆగితే ఆగుతుంది. మరమగ్గం ఆగలేదు. చెయ్యి పెట్టింది నేను. నువ్వు కాదు. ఆ రోజు నుంచి నువ్వు టీ మానేశావు. నేను గమనించలేదనుకున్నావా? నన్ను జన్మంతా ఇంట్లో కూర్చోబెట్టి మేపితే నీ మనసు తేలికపడుతుందేమో. నేను మాత్రం ఆ షెడ్డులోనే ఉండిపోతాను. నేను ఉండను. నువ్వు బతిమాలినా, తిట్టినా, నాన్న చేత చెప్పించినా ఉండను.

నువ్వంటే కోపం లేదు. ఏ రోజూ లేదు. అది కూడా రాసిపెట్టుకో.

ఒక చిన్న పని. అటక మీద నాన్న పేక పోగు విసిరిన పాత నాడె ఉంటుంది, మొన విరిగిందని పక్కన పడేసినది. అరిగి నున్నగా ఉంటుంది. కీబోర్డు ముందు పెట్టుకుంటే కుడి మణికట్టు ఆనించుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. నాన్నను అడిగే తీసుకురా. పచ్చడి కూడా.

నాన్న పాదాలకు నమస్కారమని చెప్పు, కొత్త సీటుకు ఆశీర్వాదం అడిగానని చెప్పు. వదినను అడిగానని చెప్పు. నేను బాగున్నాను, వేళకు తింటున్నాను.

ఆదివారం రావద్దనను. తప్పకుండా రా. కరీముల్లా గారి షాపు పక్కన టీ బాగుంటుంది. నీకు ఒక కప్పు తాగించి, నువ్వు చివరి గుక్క తాగేదాకా ఎదురుగా కూర్చుని, నేనే రైలెక్కిస్తాను.

తిరుగు టికెట్టు మాత్రం ఒక్కటే తీసుకో.

నీ ఆశీస్సులు కోరే చెల్లెలు
నాగమణి
(ఈ సంతకం ఎడమ చేత్తో పెట్టాను. వంకరగా ఉన్నా నాదే.)