పళ్ళెంలో రావి

జనవరి 18, శనివారం

మళ్ళీ పాలు పోశారు. ఎంత చెప్పినా వినరే! చెంబుడు నీళ్ళు, దాని మీద గ్లాసుడు పాలు, చిటికెడు పసుపు. ఆ పళ్ళెం లోతు నా నాలుగు వేళ్ళంత కూడా లేదు. ఇదంతా ఆ రావి ఎక్కడ దాచుకోవాలి?

పక్కింటి పార్వతమ్మ, ఆమె కూతురు లావణ్య. లావణ్యకు మొన్ననే నాలుగో నెల పడింది. ఇంతకుముందు రెండుసార్లు నిలబడలేదు. డాక్టరమ్మ మెట్లు దిగొద్దంది. మా అపార్ట్‌మెంటు లిఫ్టు ఉన్నా లేనట్టే. గుడి దగ్గరి రావికి పోలేరు కాబట్టి శనివారం శనివారం నా బాల్కనీలోని బోన్సాయి రావికి పూజ. "మా కోసరమే దేవుడు పెట్టించినాడు టీచరమ్మా ఈ చెట్టు" అంటుంది పార్వతమ్మ. పెట్టింది దేవుడు కాదు తల్లీ, మా ఆయన... మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

బాల్కనీలో చుట్టూ తిరగడానికి చోటేదీ? హాల్లో స్టూలు మీద పెట్టి, చర్చి క్యాలెండరు కింద ప్రదక్షిణలు. ఓపికుంటే నవ్వుకునేదాన్ని.

జనవరి 20, సోమవారం

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డలో మా బడి దాకా బస్సులో నిలబడే పోయాను. మోకాళ్ళు నావి కావు. ఇంటికొచ్చి మట్టిలో వేలు పెట్టి చూస్తే — శనివారం తడి ఇంకా అట్లాగే ఉంది.

జనవరి 22, బుధవారం

బడి వెనక గోడ చూసినప్పుడల్లా ఆయనే. ఆ గోడ పగులులోనే మొలిచింది ఈ రావి. సున్నం వేయడానికొచ్చిన మేస్త్రి పీకనంటే పీకనన్నాడు. "రావిని పీకితే వంశానికి తగుల్తాది సార్. మీరు కిరస్తానమోళ్ళు గదా, మీకేం కాదు. మీరే పీకండి." డ్రాయింగు మాస్టరు జయరాజు గారు, అంటే మా ఆయన, నిచ్చెనెక్కి పీకారు. పీకినవాడు పారేయొచ్చు కదా? తడి రుమాల్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చారు.

"మనకు తగలడానికి వంశమేదే సుగుణా" అన్నారు ఆ సాయంత్రం. నవ్వుతూనే అన్నారు. నేను నవ్వలేదు.

ఇప్పుడు దాని మాను నా మణికట్టంత. తీగ చుట్టి కొమ్మలు వంచింది ఆయనే. ఆయన పోయి రెండో ఏడాది. నాకు వచ్చింది నీళ్ళు పోయడం ఒక్కటే. అదీ ఇప్పుడు నా చేతిలో లేదు.

జనవరి 25, శనివారం

"పాలొద్దు పార్వతమ్మా, నీళ్ళు చాలు. అవీ కాసిన్నే."

"పాలు పోయకుంటే ఎట్లమ్మా? కడుపులో బిడ్డకు పోసినట్లే గదా!"

పోసేసింది. మానుకు పసుపు దారం కూడా చుట్టింది, గట్టిగా. వాళ్ళు పోయాక దారం వదులు చేశాను. పళ్ళెం వంచి పాలు సింకులో ఒంపాను. దొంగతనం చేస్తున్నట్టు ఉంది, నా ఇంట్లోనే, నా చెట్టు దగ్గరే.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఆళ్ళగడ్డ నుంచి రూతక్క ఫోను.

"ఏందే సుగుణా, నీ ఇంట్లో రావికి పూజలు చేపిస్తాండావంట?"

"నేను చేపించడం లేదక్కా. చూస్తాండా, అంతే."

"చూసేది మాత్రం తప్పు గాదా? పాస్టరయ్య చెవిన పడితే ఏం మొగం పెట్టుకుంటావ్?"

మొహం కడుక్కుని పెట్టుకుంటానన్నాను. ఫోను పెట్టేసింది. అక్కకేం తెలుసు... అటు వాళ్ళు, ఇటు వీళ్ళు, మధ్యన అడకత్తెరలో పోకచెక్క నేను.

ఫిబ్రవరి 8, శనివారం

ప్రదక్షిణలు అయ్యాక లావణ్య సోఫాలో కూలబడింది. మొహంలో రక్తం లేదు. "ఈ చెట్టు పచ్చగుంటే నా కడుపు పచ్చగుంటాదంట ఆంటీ. అమ్మ రోజూ అదే అంటాంది." నవ్వబోయింది, నవ్వు రాలేదు.

అప్పుడే ఒక ఆకు స్టూలు మీద రాలింది. పసుప్పచ్చగా. ఆ పిల్ల చూడకముందే పైటకొంగు కింద దాచాను. ఎందుకు దాచానో అప్పుడు తెలియలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఆకులు రాలుతున్నాయి. ఇది రాలే కాలమే కదా. బస్సులోంచి చూశాను, రోడ్డు పక్క రావులు కూడా రాలుస్తున్నాయి. "ఆకు రాల్చిందని భయపడకు, కొత్త గుడ్డలు కట్టుకోబోతోంది" అనేవారు ఆయన. అంతే అయి ఉంటుంది. అంతే అయి ఉండాలి.

ఫిబ్రవరి 16, ఆదివారం

చర్చికి పోలేదు. మట్టి పులిసిన మజ్జిగ వాసన కొడుతోంది. చెట్టును పళ్ళెంలోంచి ఎత్తి చూశాను. అయ్యో దేవా... సగం వేళ్ళు నల్లబడి, పట్టుకుంటే చేతికే ఊడొచ్చాయి.

కుళ్ళినవన్నీ కత్తిరించాను. పళ్ళెంలో కొత్తగా ఇటుక ముక్కలు, కడిగిన ఇసుక, కాస్త ఎర్రమట్టి నింపాను. ఆయన కత్తెర నా చేతికి పెద్దది. కత్తిరించినప్పుడల్లా ఆయన పక్కన నిలబడి "అది కాదే, ఇంకా కిందికి" అంటున్నట్టే ఉంది. ఉంటే మీరే కత్తిరించాల్సింది. నన్నెందుకు ఇందులో పెట్టి పోయారు!

కోపం కోపంగానే పని అయిపోయింది. నడుము పట్టేసింది.

ఫిబ్రవరి 22, శనివారం

తెల్లవారగానే లేచి రాలిన ఆకులన్నీ ఏరేశాను, వాళ్ళు రాకముందే.

"ఆకులు తక్కువైనాయే టీచరమ్మా?"

"నేనే కత్తిరించానమ్మా. బోన్సాయికి అప్పుడప్పుడు కత్తిరించాలి."

ఇంత వయసొచ్చి, పిల్లలకు నిజం చెప్పమని పాఠాలు చెప్పి... నోటికొచ్చిన అబద్ధం. పార్వతమ్మ నమ్మింది. లావణ్య తల వంచుకుని మానుకేసి చూస్తూ ఉండిపోయింది.

పాలు మళ్ళీ పోశారు. మళ్ళీ ఒంపాను.

మార్చి 4, మంగళవారం

బడి గోడ పగులులో మళ్ళీ రావి. రెండు ఎర్రటి చివుళ్ళు. వేరు లోపలే ఉండిపోయినట్టుంది ఇన్నేళ్ళూ. సున్నం మేస్త్రి వేరే మనిషి, మాట మాత్రం పాతదే. "మేడమ్, మాకు వద్దు ఆ పాపం. మీరైతే ఏం కాదు గదా."

నిచ్చెన దగ్గరికి పోయాను. మొదటి మెట్టు మీద కాలు కూడా పెట్టాను.

"నేనూ పీకను" అన్నాను. హెడ్మాస్టరు విచిత్రంగా చూశాడు. చూడనీ. పీకితే ఏం కాదని నాకు తెలుసు. అయినా ఇప్పుడు నా చెయ్యి రాదు.

మార్చి 8, శనివారం

మానుకు ఒక్క ఆకు లేదు. పొద్దున్నే తలుపుకు తాళం వేసి ఆళ్ళగడ్డ బస్సెక్కాను. అక్క ఇంట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. ఏమైందే అంటే తలనొప్పన్నాను. రాను రాను నా చెట్టు నుంచే నేను దాక్కుంటున్నాను.

మార్చి 12, బుధవారం

లావణ్య ఒక్కతే వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. నిండా ఎండు రావి ఆకులు.

"మా బాల్కనీలోకి గాలికి ఎగిరొస్తాండాయి ఆంటీ. అమ్మ కండ్లబడకుండా ఏరి పెట్టినా. మీ కండ్లబడకుండా గూడా... సారు చెట్టు గదా, మీరు చూస్తే తట్టుకోలేరని."

నేను ఆమె కోసం దాస్తున్నాను. ఆమె నా కోసం దాస్తోంది. ఇద్దరం గోడకు అటొకరు ఇటొకరు! ఏడుపు ఆగలేదు, ఆ పిల్ల ముందే.

అంతా చెప్పేశాను. పాల సంగతి, వేళ్ళ సంగతి, కత్తిరించానన్న అబద్ధం. "చెట్టుకీ నీ కడుపుకీ ఏ సంబంధం లేదే తల్లీ. అది నీళ్ళెక్కువై పాడైంది, అంతే."

"నాకు తెలుసాంటీ. పాలొద్దని అమ్మతో నేను గూడా చెప్పినా. వింటేనా." కవరు మూతి ముడేసింది. "తెలిసినా గానీ... పోయినసారి ఇదే అయిదో నెలలో పోయింది."

బాల్కనీలోకి పోయి మాను ముందు కూర్చున్నాం. బతికుందా అని అడిగింది. గోరుతో బెరడు కొంచెం గీరితే తెలుస్తుంది, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే అని చెప్పాను. ఆయన అట్లాగే చూసేవారు. చెబుతూ చెబుతూ మాను మీద బొటనవేలి గోరు పెట్టాను.

లావణ్య నా చెయ్యి పట్టేసుకుంది. చల్లగా ఉంది దాని చెయ్యి.

"వద్దాంటీ. గీరొద్దు. ఈ నెల దాటనీ."

తీసేశాను.

మార్చి 15, శనివారం

పార్వతమ్మ చెంబుతో, గ్లాసుతో వచ్చింది. బోడి మానును చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. లావణ్యే గ్లాసు లాక్కుంది.

"పాలొద్దమ్మా. చెట్టు పత్యంలో ఉండాది, నా మాదిరే."

పార్వతమ్మ చెట్టును చూసింది, కూతుర్ని చూసింది, నన్ను చూసింది. చెంబు కింద పెట్టి స్టూలు తనే తెచ్చింది. ఇవాళ ముగ్గురం తిరిగాం. అక్కకు చెప్పను.

లావణ్య తాగేసింది ఆ పాలు, అక్కడే నిలబడి.

మార్చి 17, సోమవారం

బడికి సెలవు పెట్టాను. ఒళ్ళంతా ఒకటే నీరసం. మట్టిలో వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది, చాలా రోజుల తర్వాత. నీళ్ళు పోశాను, కొంచెమే.

పక్కింట్లో లావణ్య దగ్గు వినిపిస్తే చాలు, చేతిలో పని ఆగిపోతోంది. గురువారం స్కానింగుకు పోతారట. చెట్టుకు చివుళ్ళు లేవు. కొమ్మ చివర ఒకచోట ఉబ్బినట్టుంది... నా కళ్ళకేమో.

పొద్దుటి నుంచి రెండుసార్లు చెయ్యి మాను మీదికి పోయింది.

గోళ్ళు కత్తిరించుకున్నాను.