కెర్నెల్లో నేను తీసేసినవి

మంగళవారం, తిరుత్తణి

కనకమ్మ సత్రం ఊళ్లో మామ పొలం బోరు అడుగంటినా మోటారు ఆగలేదు. ఆయన పరుగెత్తి ఫ్యూజు పీకకపోతే కాలిపోయేది.

"ఏమైనాదో నీ పెట్టే చెప్తాదంటివే పాపా," అన్నాడు.

నీళ్లు అయిపోగానే మోటారును ఆపాలని నేను బిగించిన కంట్రోలర్‌కు ల్యాప్‌టాప్ తగిలించాను. ఒక్క అక్షరం రాలేదు.

ఎలా వస్తుంది? చిన్న చిప్‌లో కెర్నెల్, అంటే పెట్టెను నడిపే మూల ప్రోగ్రాం, పట్టడం లేదని, తప్పు జరిగితే అది రాసిపెట్టే సందేశాలన్నీ పోయిన నెల నేనే తీసేశాను. సైజు తగ్గిందని ఆఫీసులో మెచ్చుకున్నారు. ఏం తీసేశానో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

బోరులో నీళ్లు ఊరాక ఫ్యూజు పెట్టి స్విచ్ వేస్తే మామూలుగానే నడిచింది. "సరిపోయినాది, వుడు," అన్నాడు మామ, ఇంక వదిలెయ్యమన్నట్టు చెయ్యూపి. ఏం సరిపోయిందో...

ఇలాంటి పెట్టెలే రేపు పొద్దున మింజూరు రైతుల కోసం లారీ ఎక్కుతున్నాయి. లోడు ఆపమని మేనేజరుకు మెసేజ్ టైపు చేశాను. గంటయింది, ఇంకా పంపలేదు.