రాగి కాగులో బాల్జ్ ముఖం

కొండ మీది మేతబీడు నుంచి, జూలై 9

అమ్మకు,

మేమూ ఆవులూ బాగానే ఉన్నాం. నిన్నటి పాలు మాత్రం పందుల పాలయ్యాయి.

తమ్ముడు ఫ్రిడ్లి పంపిన ఆ పిస్తోలు థర్మామీటరే కారణం. తాకకుండానే వేడి చెబుతుందన్నాడుగా. జున్ను కోసం పాలు కాస్తూ నీ అల్లుడు బాల్జ్ దాన్ని రాగి కాగు గోడకు గురిపెట్టాడు.

"ఇరవై ఎనిమిది డిగ్రీలే. ఇంకో రెండు కట్టెలు తొయ్యి" అన్నాడు.

"పాలు ఆవిరి కక్కుతున్నాయి, కనబడటం లేదా?" అన్నాను.

"మిషను కంటే నీ మోచెయ్యి గొప్పదా?"

మోచెయ్యి ముంచితే చురుక్కుమని కాలింది. ముప్ఫై ఆవుల పాలు మరీ కాగిపోయి జున్నుకు పనికిరాకుండా పోయాయి.

డబ్బాలోని కాగితం అప్పుడు తీరిగ్గా చదివాడు. మెరిసే రాగి మీద అది కాగు వేడి చెప్పదట, ఎదురుగా ఉన్న గోడదో మనిషిదో చెబుతుందట. ముఖం కనిపించేదాకా కాగు తోమమని నేర్పింది నువ్వే. నేను తోమాను. అతను తన ముఖం వేడి చూసుకుని పొయ్యిలో కట్టెలు వేశాడు.

ఇప్పుడు తిన్నగా పాలకే గురిపెడుతున్నాం. లెన్సుకు ఆవిరి పడితే జున్ను వడగట్టే గుడ్డతో తుడుస్తున్నాడు, చెబితే వినడు. దూది, స్పిరిటు, కొత్త బ్యాటరీ పంపించు. ఎర్ర కోడి పొదుగుతోందా?

ఫ్రిడ్లి నీ నుదుటికీ ఇలాంటిదే పెట్టి జ్వరం లేదన్నాడని రాశావు. అది పొయ్యిలకు చేసిందమ్మా, మనుషులకు కాదు. పక్కింటి ఉర్సినా పిన్నిని పిలిచి నుదుటి మీద చెయ్యి వేయించుకో. ఆవిడ ఏమందో తిరుగు టపాలోనే రాయి.

నీ రెగూలా